స్నోక్వాల్మీ సొరంగం నుంచి నార్త్ బెండ్ దాకా: దిగుడు మారథాన్‌కి తయారయ్యేదెలా?

గోదారి_గాలి

సెప్టెంబరులో, అమెరికాలో సియాటెల్ దగ్గరున్న స్నోక్వాల్మీ సొరంగం గుండా వచ్చి నార్త్ బెండ్‌లో ముగిసే మారథాన్‌కి పేరిచ్చాను. లక్ష్యం మూడున్నర గంటలు (3:30). రోడ్డు మీద తయారీ సజావుగానే ఉంది. కానీ ఈ దారంతా పాత రైలు కట్ట, కంకర, అడవి, పైగా దాదాపు మొత్తం దిగుడే. దిగుడు కాబట్టి తేలికని కొందరు, తొడలు బిగుసుకుపోతాయని కొందరు అంటున్నారు. వాలు నిజంగా ఎంత? సొరంగంలో వాచీ పనిచేస్తుందా? బూట్లు ఏవి వేసుకోవాలి? మిగిలిన ఎనిమిది వారాల్లో ఏం మార్చాలి? తెలిసినవాళ్లు వివరంగా రాస్తే ఇంకా పదిమందికి పనికొస్తుంది.

కొండదారి

ముందు దారి గురించి. ఇది మిల్వాకీ రోడ్ రైల్వే లైను. 1980లో ఆ కంపెనీ పడమటి వైపు లైను వదిలేశాక పట్టాలు పోయాయి, కట్ట మిగిలింది. ఇప్పుడది పలూస్ టు కాస్కేడ్స్ స్టేట్ పార్క్ ట్రైల్. గూడ్సు బండ్లు ఎక్కాలి కాబట్టి వాలు రెండు శాతం లోపే ఉంచి కట్టారు. పరుగు మొదలయ్యే హయాక్ సుమారు 2,500 అడుగుల ఎత్తులో ఉంది, ర్యాటిల్‌స్నేక్ సరస్సు 900 పైచిలుకు, నార్త్ బెండ్ 450 లోపు. మొత్తం దిగేది రెండు వేల అడుగులు, అంటే 600 మీటర్ల పైన. 42.2 కిలోమీటర్లకు పంచితే సగటున ఒకటిన్నర శాతం.

ఈ వాలు కంటికి ఆనదు. నిలబడి చూస్తే చదునుగానే ఉన్నట్టుంటుంది, ఎదురుగా వచ్చే సైకిలువాళ్ల ఆయాసం చూస్తేగానీ తెలియదు. మామూలు కొండ రోడ్డు మీద ఎక్కుడూ దిగుడూ మారుతుంటాయి, ఒక కండరం పనిచేస్తుంటే ఇంకోటి తెరిపిన పడుతుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. సొరంగం దాటినప్పటి నుంచి ర్యాటిల్‌స్నేక్ సరస్సు దాకా అదే వాలు, అదే అడుగు, అవే కండరాలు. మొదటి సగంలో ఊపిరి ఏమాత్రం బరువెక్కదు కాబట్టి వేగం పెంచేస్తారు. దాని ఫలితం 30వ కిలోమీటరు తర్వాత తొడల్లో తెలుస్తుంది. ఈ పరుగు పాడైనవాళ్లలో ఎక్కువమందికి పాడయ్యేది ఇలాగే.

సొరంగం పొడవు 11,890 అడుగులు, దాదాపు 3.6 కిలోమీటర్లు. 1914లో పూర్తయింది. హయాక్ దగ్గర బయల్దేరిన కాసేపటికే లోపలికి వెళ్తారు. లోపల దీపాలుండవు. పైనుంచి నీళ్లు కారుతుంటాయి, అక్కడక్కడ గుంటల్లో నిలుస్తాయి. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. మీ వేగానికి లోపల 18, 19 నిమిషాలు పడుతుంది.

అడుగుజాడ

దీపం విషయంలో ఒక్క మాట. తలకు కట్టుకునే లైటు ఒక్కటే పెట్టుకుంటే చల్లటి తేమలో మీ ఊపిరే ఆవిరై వెలుగుకు అడ్డం పడుతుంది, ముందంతా తెల్లటి పొగలా కనిపిస్తుంది. పైగా కళ్లకు దగ్గర్నుంచి పడే వెలుగులో రాళ్ల నీడలు కనపడవు, నేలంతా ఒకే మట్టంగా తోస్తుంది. లైటును నడుముకు కట్టుకున్నా, చిన్న టార్చి చేతిలో పట్టుకున్నా వెలుగు ఏటవాలుగా పడి గుంటలు స్పష్టంగా తెలుస్తాయి. 200 ల్యూమెన్లు సరిపోతాయి. అంతకు మించితే ముందువాళ్ల వీపు మీద పడి తిరిగి మీ కళ్లలోకే కొడుతుంది. బ్యాటరీ ముందురోజు రాత్రే మార్చండి. మీటలో నీళ్లు దూరితే ఆరిపోయే చౌక టార్చీలు వద్దు.

టోపీ ముందు అంచు ఉన్నది పెట్టుకోండి, కారే చుక్కలు కళ్లజోడు మీద పడవు. కళ్లజోడు ఉన్నవాళ్లకు అసలు ఇబ్బంది బయటికి వచ్చిన క్షణంలో. సొరంగంలో చల్లబడిన అద్దాల మీద బయటి గాలి తగలగానే ఆవిరి పట్టేస్తుంది, ఎదురుగా ఒక్కసారిగా వెలుతురు. ఆ నాలుగడుగులు వేగం తగ్గించి కుడి పక్కన ఉండండి. టార్చి తుడిచి నడుం సంచిలో వేసుకోండి, లేదా నిర్వాహకులు అక్కడ డబ్బా పెట్టి ఉంటే అందులో వేయండి. డబ్బా ఉంటుందో లేదో వాళ్లు పంపే ఆఖరి సూచనల్లో చూడండి. కట్ట పక్కన పడేసి మాత్రం పోకండి, అది స్టేట్ పార్కు.

గోదారి_గాలి

చాలా ఉపయోగపడే విషయాలు, థాంక్సండీ. వాచీ సంగతి?

లెక్కల_మాస్టారు

లోపల జీపీఎస్ అందదు. సిగ్నల్ పోగానే వాచీ మణికట్టు ఊపును బట్టి దూరం అంచనా వేస్తుంది. బయటికి వచ్చి ఉపగ్రహాలు దొరికాక కొన్ని వాచీలు లోపలికి వెళ్లిన చోటు నుంచి బయటికి వచ్చిన చోటుకు గీత గీసి దూరం సరిచేసుకుంటాయి, కొన్ని తమ అంచనానే ఉంచేస్తాయి. చేతిలో టార్చి పట్టుకుంటే చేతి ఊపు మారుతుంది, అంచనా ఇంకా తప్పుతుంది. ఆ నాలుగు కిలోమీటర్లు తెర మీద కనపడే పేస్‌ని (కిలోమీటరుకు పట్టే సమయాన్ని) అసలు నమ్మొద్దు. 4:30 అని చూపిస్తే కంగారు పడి తగ్గించినా, 5:40 అని చూపిస్తే ఉరికినా నష్టపోయేది మీరే.

చేయాల్సింది ఇది. ఆటో ల్యాప్ (వాచీ తనంతట తానే దూరం విడగొట్టి లెక్కపెట్టడం) ఆపేయండి. తెర మీద గడిచిన మొత్తం సమయం, గుండె వేగం, ఈ రెండే ఉంచండి. దారి పక్కన మైలు బోర్డు కనపడినప్పుడల్లా ల్యాప్ మీట మీరే నొక్కండి. మైలుకు 8:00 అంటే 3:30 లోపు వచ్చేస్తారు, లెక్క తేలిక. స్ట్రైడ్ లాంటి, బూటుకు తగిలించే ఫుట్‌పాడ్ ఉంటే సొరంగంలోనూ పేస్ సరిగా వస్తుంది, కానీ దాన్ని ముందే గ్రావెల్ మీద సరిచూసుకోవాలి.

3:30కి నేనైతే ఇలా విడగొడతాను. సొరంగంతో కలిపి మొదటి 5 కిలోమీటర్లు 5:08 చొప్పున, అంటే 25:40. అక్కడి నుంచి 34వ కిలోమీటరు దాకా 4:55 చొప్పున 29 కిలోమీటర్లు. అప్పటికి గడియారం 2:48:15. మిగిలిన 8.2కి 5:00 చొప్పున 41 నిమిషాలు. మొత్తం 3:29 పైన కొన్ని సెకన్లు. సగటు కావలసింది 4:59, దిగుడులో మీరు వాడుకునేది నాలుగు సెకన్లే అన్నమాట.

కూకట్‌పల్లి_కిరణ్

నాలుగు సెకన్లేనా మాస్టారూ? ఒక శాతం దిగుడుకి మైలుకు ఎనిమిది సెకన్లు కలిసొస్తుందని కోచ్‌లు చెప్తారు కదా. ఆ లెక్కన ఒకటిన్నర శాతానికి కిలోమీటరుకు ఏడు దాకా రావాలి.

లెక్కల_మాస్టారు

ఊపిరి వరకు ఆ లెక్క దగ్గరగానే ఉంటుంది కిరణ్ గారూ. అందులో కొంత కంకర తినేస్తుంది, జారే చోట ప్రతి తోపులో కొద్దిగా పోతుంది. మిగిలింది తొడల కోసం దాచాలి. 34 దగ్గర కాళ్లు తాజాగా ఉంటే అప్పుడు 4:50కి దిగండి, ఎవరూ ఆపరు. ముందే వాడేసిన సెకన్లను మాత్రం వెనక్కి తెచ్చుకోలేం.

మాధవి_ఫిజియో

తొడలు ఎందుకు పట్టేస్తాయో చెప్తాను, అప్పుడు తయారీ ఎందుకలా చేయాలో అర్థమవుతుంది. దిగుడులో పాదం ఆనిన ప్రతిసారీ తొడ ముందు కండరాలు సాగుతూనే బరువును ఆపుతాయి. కుదించుకుంటూ చేసే పనికన్నా సాగుతూ చేసే పనిలో కండరపు పోగులు ఎక్కువ దెబ్బతింటాయి. ఆ నొప్పి పరుగు తర్వాత 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉంటుంది, కానీ బలం తగ్గడం మాత్రం పరుగులోనే మొదలవుతుంది. గుండె వేగం మామూలుగానే ఉంటుంది, కాలు మాత్రం లేవదు.

ఇందులో మనకు అనుకూలమైన గుణం ఒకటుంది. ఒకసారి ఇలా దెబ్బతిని కోలుకున్న కండరం, తర్వాత కొన్ని వారాల పాటు అదే పనికి చాలా తక్కువగా దెబ్బతింటుంది. కాబట్టి తయారీలో దిగుడును తప్పనిసరిగా పెట్టాలి, అదీ సరైన సమయంలో.

మీకున్న ఎనిమిది వారాల్లో మొదటి వారం 5 కిలోమీటర్ల దిగుడు, నెమ్మదిగా. మూడో వారం 8, ఇది మారథాన్ శ్రమతో. ఐదో వారం లాంగ్ రన్ చివర్లో 12 నుంచి 14 కిలోమీటర్లు, అలసిన కాళ్లతో. ఆరో వారం మొదట్లో చివరిసారి, అది 8కి మించొద్దు. పరుగుకు ముందు రెండు వారాలు గట్టి దిగుడు ఏదీ వద్దు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. తయారీ చాల్లేదన్న బెంగతో ఆఖరి వారాంతంలో దిగుడు పరుగు పెట్టుకుని, దెబ్బతిన్న కండరాలతో స్టార్ట్ లైను దగ్గరికి వస్తారు.

జిమ్‌లో అయితే 20 సెంటీమీటర్ల మెట్టు మీద ఒంటికాలితో నిలబడి, రెండో మడమ నేలకు ఆనేదాకా నాలుగు సెకన్లలో దిగండి. ఒక్కో కాలికి 8 చొప్పున మూడు సెట్లు, వారానికి రెండు రోజులు. మోకాలు లోపలికి వాలకుండా అద్దంలో చూసుకోండి. పరుగుకు పది రోజుల ముందు ఇవి ఆపేయాలి.

పరుగులో అడుగు చిన్నదిగా, చకచకా వేయండి. పాదం మీ నడుం కిందే పడాలి. ముందుకు చాచి మడమతో బ్రేకు వేస్తే ఆ భారం మొత్తం మోకాలి పైనే. మామూలుగా నిమిషానికి 170 అడుగులు వేసేవాళ్లు ఇక్కడ 176, 178 వేస్తే సరిపోతుంది. నడుం దగ్గర వెనక్కి వాలకండి.

గోదారి_గాలి

మాధవి గారూ, ఇంత మెల్లటి వాలు ఎక్కడ దొరుకుతుంది? సమామిష్ చుట్టుపక్కల అన్నీ నిటారు కొండలే.

కొండదారి

అదే ట్రైల్ మీదికి వెళ్లండి. ఐ-90 మీద 32వ ఎగ్జిట్ దిగి ర్యాటిల్‌స్నేక్ సరస్సు దగ్గర సీడర్ ఫాల్స్ ట్రయల్‌హెడ్‌కి రండి. తూర్పుకు 8 లేదా 10 కిలోమీటర్లు నెమ్మదిగా ఎక్కి, అక్కడి నుంచి లక్ష్యం వేగంతో దిగండి. పరుగులో మీరు తొక్కబోయే నేలే అది. శని, ఆదివారాల్లో ర్యాటిల్‌స్నేక్ లెడ్జ్ ఎక్కేవాళ్లతో పార్కింగ్ నిండిపోతుంది, ఏడింటిలోపు చేరుకోండి. డిస్కవర్ పాస్ (రాష్ట్ర పార్కుల పార్కింగ్ పాస్) ఎక్కడ పనిచేస్తుందో బోర్డు చూసుకోండి, అక్కడి పార్కింగులన్నీ ఒకే శాఖవి కావు. ఎలుగుబంట్లు, కూగర్లు (పెద్ద అడవి పిల్లులు) తిరిగే అడవి కాబట్టి తెల్లవారుజామున ఒంటరిగా వద్దు. ఫోను సిగ్నలు చాలాచోట్ల అందదు, ఎక్కడి దాకా వెళ్తున్నారో ఇంట్లో చెప్పి బయల్దేరండి.

సొరంగం అలవాటు కావాలంటే 54వ ఎగ్జిట్‌లో హయాక్ నుంచి వెళ్లి రావచ్చు. నవంబరు 1 నుంచి ఏప్రిల్ చివరి దాకా మంచుగడ్డల వల్ల తలుపులు మూసేస్తారు, మీ తయారీ నెలల్లో తెరిచే ఉంటుంది. సైకిళ్లు వస్తాయి, కుడివైపునే ఉండండి, ఇయర్‌ఫోన్లు తీసేయండి.

అడుగుజాడ

బూట్ల దగ్గరికి వస్తే, లోతైన గుబ్బలున్న ట్రైల్ బూట్లు అక్కర్లేదు. ఇది గట్టిపడ్డ సన్న కంకర, బరువు తప్ప లాభం లేదు. మామూలు రోడ్డు బూట్లు బాగా నప్పుతాయి. కార్బన్ ప్లేటు సూపర్ షూస్ వేసుకునేవాళ్లు చాలామందే ఉంటారు, కానీ కొన్నిటికి అడుగున మధ్యలో పెద్ద సందు ఉంటుంది, అందులో చింతగింజంత రాళ్లు ఇరుక్కుని ప్రతి అడుగుకూ గుచ్చుకుంటాయి. కొనేముందు తిప్పి చూడండి. అడుగు భాగం సన్నగా, ఎత్తుగా ఉన్నవి వదులు కంకరలో చీలమండను పక్కకు తిప్పుతాయి.

బూట్లోకి రాళ్లు దూరకుండా పలచటి బట్ట గెయిటర్లు కట్టుకోండి. పదో కిలోమీటరులో దూరిన ఒక్క గింజ ముప్పయ్యో కిలోమీటరుకు బొబ్బ చేస్తుంది. దిగుడులో పాదం ముందుకు జారుతుంది కాబట్టి గోళ్లు మూడు రోజుల ముందే కత్తిరించుకోండి, పైన చివరి రంధ్రాల దాకా తాడు బిగించి మడమను కదలనివ్వకండి. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి.

నేల మీద రెండు చక్రాల జాడలుంటాయి, మధ్యలో వదులు కంకర, కొన్నిచోట్ల గడ్డి. జాడలోనే పరిగెత్తండి. ముందువాళ్లను దాటాలంటే మధ్య గట్టును రెండు మూడు అడుగుల్లో ఏటవాలుగా దాటి రెండో జాడలోకి వెళ్లండి, గట్టు మీద పరుగు సాగించకండి. సెప్టెంబరు నడిమికి వైన్ మేపుల్ ఆకులు ఎర్రబడి రాలడం మొదలవుతుంది. తడి ఆకు జారుతుంది, కింద రాయి ఉన్నా కనపడదు.

జ్యోతి_సమామిష్

తిండి గురించి ఎవరూ రాయలేదు. అడవిలో దారి కాబట్టి నీళ్ల స్టేషన్లు ఊరి మారథాన్లలో ఉన్నంత దగ్గరదగ్గరగా ఉండవు. జెల్స్ (పరుగులో తినే చక్కెర గుజ్జు ప్యాకెట్లు) మీరే మోసుకెళ్లాలి. గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ కావాలంటే 25 గ్రాముల జెల్ 25 నిమిషాలకొకటి. స్టార్టుకు పావుగంట ముందు ఒకటి, దారిలో ఏడు. మొదటిది సొరంగంలో తీసుకునే ప్రయత్నం చేయకండి, ఒక చేతిలో టార్చి, చీకట్లో ప్యాకెట్ చింపడం కుదరదు. మీ వేగానికి బయటికి వచ్చేసరికి సరిగ్గా 23, 24 నిమిషాలవుతుంది, అప్పుడు తీసుకోండి. చేతిలో పట్టే అర లీటరు సీసా మంచిది. శాకాహారులు నమిలే రకాల మీద ముద్ర చదవండి, కొన్నిట్లో జెలటిన్ ఉంటుంది.

ముందు రెండు రోజులు కిలో బరువుకు 8 గ్రాముల చొప్పున కార్బోహైడ్రేట్. 65 కిలోలవాళ్లకు రోజుకు 520 గ్రాములు. వంద గ్రాముల అన్నంలో 28 గ్రాములే ఉంటుంది, అన్నంతోనే పూర్తి చేయాలంటే దాదాపు రెండు కిలోలు తినాలి, అది జరిగే పని కాదు. అన్నంతో పాటు అరటిపండ్లు, పళ్లరసం, తేనె రాసిన బ్రెడ్డు, బెల్లం పరమాన్నం కలుపుకోండి. పప్పు, ఆకుకూర, చిక్కుడు ఆ రెండు రోజులు తగ్గించాలి. ఆవకాయ, నూనె వేపుళ్లు ముందురోజు వద్దే వద్దు. హయాక్ దగ్గర బస్సు దిగాక టాయిలెట్ లైను పొడుగ్గా ఉంటుంది, ఆ తర్వాత దారిలో చాలా తక్కువ.

పొద్దున స్టార్టుకు మూడు గంటల ముందు ఇడ్లీ పంచదారతోనో తేనెతోనో, లేదా పెరుగు లేని మెత్తటి అన్నం. కొత్తగా ఏదీ ప్రయత్నించకండి, లాంగ్ రన్ రోజు తిన్నదే తినండి.

కూకట్‌పల్లి_కిరణ్

దీన్ని బోస్టన్ మారథాన్‌కి కావలసిన అర్హత టైము కోసం ఎంచుకునేవాళ్లు చాలామంది. ఇంకా అంత లాభమా? హైదరాబాద్ నుంచి దీనికోసమే రావాలనుకునేవాళ్లున్నారు.

లెక్కల_మాస్టారు

2027 బోస్టన్ నుంచి నియమం మారింది. స్టార్టు నుంచి ఫినిష్‌కి నికరంగా 1,500 నుంచి 2,999 అడుగులు దిగే కోర్సుల మీద వచ్చిన టైముకు 5 నిమిషాలు కలుపుతారు. 3,000 నుంచి 5,999 అయితే 10 నిమిషాలు. 6,000 దాటితే లెక్కలోకే తీసుకోరు. ఈ కోర్సు మొదటి గుంపులోకి వస్తుంది.

ఉదాహరణకు 35-39 ఏళ్ల మగవాళ్ల ప్రమాణం 3:00. ఇక్కడ 2:55 పరిగెత్తితేనే 3:00 అవుతుంది. ప్రమాణం అందుకున్నంత మాత్రాన సీటు రాదని అందరికీ తెలుసు. ప్రమాణం కన్నా ఎంత ముందు వస్తే సీటు దొరికిందో ఆ కటాఫ్ 2025లో 6:51 నిమిషాలు, 2026లో 4:34. మళ్లీ 4:34 పడిందనుకుంటే ఇక్కడ 2:50:26 కావాలి, కిలోమీటరుకు 4:02. చదును కోర్సులో 2:55:26 చాలు. ఈ దిగుడు మీకు ఐదు నిమిషాలకు మించి ఇస్తుందా అన్నదే ప్రశ్న. తొడలు గట్టివైతే ఇస్తుంది. కాకపోతే శాక్రమెంటోలో డిసెంబరులో జరిగే కాలిఫోర్నియా ఇంటర్నేషనల్ మేలు, దాని దిగుడు 1,500 అడుగులకు చాలా లోపు.

కొండదారి

మాస్టారి లెక్కతో ఏకీభవిస్తాను. ఒక్కటి కలుపుతాను. బోస్టన్ కోసం కాకుండా, జనం అరుపులు లేని చోట, ఫర్ చెట్ల నీడలో, ఎత్తయిన ట్రెసిల్ వంతెనల మీదుగా ఒకే లయలో పరిగెత్తడం ఇష్టమైనవాళ్లకు ఇంతకన్నా మంచి కోర్సు ఈ చుట్టుపక్కల లేదు. టైము ఒక్కటే కారణమైతే హైదరాబాద్ నుంచి రావడం దండగ.

కూకట్‌పల్లి_కిరణ్

సరే. వచ్చేవాళ్లు ఆగస్టు చివర హైదరాబాద్ మారథాన్ కూడా చేయొచ్చా?

మాధవి_ఫిజియో

ఫుల్ వద్దండీ, రెండింటి మధ్య ఉండేది మూడు నాలుగు వారాలే. ఫ్లైఓవర్ల దిగుళ్లు పొట్టిగా, కాస్త ఏటవాలుగా ఉంటాయి, కండరాలు దెబ్బతింటాయి గానీ ఈ పొడుగాటి వాలుకు అలవాటు రాదు. హాఫ్‌ని లాంగ్ రన్‌లా చేయండి. దిగుడు తయారీకి మైనస్ ఇంక్లైన్ (కిందికి వాలే వీలు) ఉన్న ట్రెడ్‌మిల్ దొరికితే మైనస్ 2 మీద పెట్టి పైన రాసిన దూరాలే చేయండి. ఘాట్ రోడ్లు వద్దు, అవి మరీ నిటారు. సియాటెల్‌తో పన్నెండున్నర గంటల తేడా కాబట్టి వారం ముందే దిగాలి.

అడుగుజాడ

పొగ సంగతి మరిచిపోకండి. సెప్టెంబరులో కార్చిచ్చుల పొగ ఈ లోయలోకి దిగుతుంది. 2020లో, 2022లో బోల్ట్ క్రీక్ మంటలప్పుడు వారాంతాలకు వారాంతాలు బయట తిరగలేకపోయారు. ముందు వారం నుంచే గాలి నాణ్యత చెప్పే ఎయిర్‌నౌ సైటు చూస్తుండండి. ఏక్యూఐ (గాలి కాలుష్య సూచిక) 100 దాటితే ఆస్తమా ఉన్నవాళ్లు మానుకోవాలి, 150 దాటితే ఎవరూ వద్దు. 42 కిలోమీటర్ల పాటు పీల్చే గాలి అది, పెట్టిన ఫీజు చూసుకుని ఆరోగ్యం పణంగా పెట్టకండి.

గోదారి_గాలి

అన్నీ రాసుకున్నాను. ఆఖరి ప్రశ్న. ఇంట్లోవాళ్లు మధ్యలో ఎక్కడ నిలబడి చూడొచ్చు? స్టార్టు దగ్గర ఏం వేసుకోవాలి?

జ్యోతి_సమామిష్

హయాక్ దగ్గర పొద్దున 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటుంది, కింద నార్త్ బెండ్‌లో ముగించేసరికి 18, 20 కావచ్చు. పరుగు బట్టల మీద పాత స్వెటర్, చౌక గ్లవ్స్. స్వెటర్ స్టార్టులో వదిలేయండి, గ్లవ్స్ సొరంగం దాటేదాకా ఉంచుకోండి, చల్లబడ్డ వేళ్లతో జెల్ ప్యాకెట్ చిరగదు.

కొండదారి

ఇంట్లోవాళ్లు 38వ ఎగ్జిట్ దగ్గర హోమ్‌స్టెడ్ వ్యాలీ ట్రయల్‌హెడ్‌కి గానీ, 32 దగ్గర సీడర్ ఫాల్స్‌కి గానీ రావచ్చు. 42 దగ్గర మెక్‌లెలన్ బ్యూట్ వైపు నుంచి ట్రైల్‌కి కాస్త ఎక్కాలి, పిల్లలతో కష్టం. నేనైతే సీడర్ ఫాల్స్ చెప్తాను. మీరు అక్కడికి వచ్చేసరికి 34, 35 కిలోమీటర్లు అయి ఉంటాయి, అదనపు జెల్, చల్లటి నీళ్ల సీసా అవసరమయ్యేది కూడా అక్కడే. చేతికి అందించడం నిబంధనల్లో ఒప్పుకుంటారో లేదో ముందు కనుక్కోండి. మీ వేగానికి స్టార్టు అయిన రెండు గంటల నలభై నిమిషాలకు వాళ్లు అక్కడ నిలబడి ఉండాలి. అక్కడి నుంచి స్నోక్వాల్మీ వ్యాలీ ట్రైల్ పట్టుకుని మీరు నార్త్ బెండ్ చేరేలోపు వాళ్లు కారులో పది, పదిహేను నిమిషాల్లో ఊళ్లో ఉంటారు.